పర్లాకిమిడిలో ఆరు చుక్కల బడి

జూన్, బడులు తెరిచిన వారం

పని మొదలైంది కాబట్టి ఏం చేయాలనుకుంటున్నామో ముందు రాసి పెడుతున్నాను. మాది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. ఈ ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చూపు లేని పిల్లలకు, మధ్యలో చూపు పోయిన పెద్దలకు ఆదివారాలు మా అరుగు మీద బ్రెయిలీ, అంటే వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి, నేర్పాలి. నేనూ వాళ్లతో కూర్చుని నేర్చుకోవాలి. నాది రెటినైటిస్ పిగ్మెంటోసా. చిన్నప్పుడు రేచీకటి అన్నారు. తర్వాత పక్క చూపు తగ్గుతూ వచ్చి ఇప్పుడు మధ్యలో కొంత మిగిలింది. మా అమ్మానాన్నలది మేనరికం. ఈ జబ్బులో కొన్ని రకాలు అలాంటి ఇళ్లలో ఎక్కువగా బయటపడతాయి. ట్యూషన్లు చెప్పి బతికే మనిషిని. చూపు ఎంత మిగిలినా, ఎంత పోయినా చదవడం మాత్రం మానను.

నేర్పేది మాస్టారు. పాతపట్నం వైపు ఉంటారు, రిటైరయ్యారు. పసితనంలో తట్టు పోసి చూపు పోయింది. హాస్టల్ బడిలో బ్రెయిలీ నేర్చుకుని, దాంతోనే డిగ్రీ చదివి ఉద్యోగం చేశారు. నేను ఫోన్ చేస్తే ఎంతమంది వస్తారని అడగలేదు. "కాగితం దొరుకుతుందా అమ్మా?" అన్నారు.

మొదట చేరింది ఆరో తరగతి చదివే పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. పద్యాలు గడగడా చెబుతుంది, లెక్కలు నోటితో చేస్తుంది, పాఠాలన్నీ ఫోన్‌లో విని నేర్చుకుంది. కానీ తన పేరు తాను రాయలేదు. వాళ్ల అమ్మ బ్రెయిలీ గురించి బడిలో అడిగితే, "ఫోన్ ఉంది కదా, ఇంకెందుకు?" అన్నారట. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఫోన్ మంచిదే, నేనూ రోజంతా వాడతాను. అది కథ వినిపిస్తుంది, వార్తలు చదివి పెడుతుంది. కానీ విన్నమాటలో ఏ అక్షరం ఉందో, ఎక్కడ ఒత్తు ఉందో, పేరా ఎక్కడ మారిందో చెవికి తెలియదు. ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అప్పా, అర్థం, అర్ధం రెండూ ఒకలాగే రాస్తారా?" అని. మా వైపు అక్కను అప్ప అంటారు. కళ్లున్న పిల్లలకు రెండో తరగతిలోనే తెలిసే సంగతి ఇది. తెలివి లేక కాదు, ఆ పిల్ల చేతికి ఎవరూ అక్షరం ఇవ్వక తెలియలేదు.

జూన్ చివర, సామాను

బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలు. ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. అక్షరం ఏదైనా ఈ ఆరింటిలోంచే రావాలి. పుస్తకంలో చుక్కకూ చుక్కకూ మధ్య సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, చుక్క ఎత్తు అర మిల్లీమీటరు ఉంటుంది. కొత్త వేలికి అది గరుకు కాగితంలా తగులుతుందే తప్ప అక్షరంలా తగలదు. అందుకని ముందు పెద్ద గడులు కావాలి.

కోడిగుడ్ల అట్టను ఆరు గుంటలకు కత్తిరించి గోళీలు పెట్టడం మాస్టారు చెప్పిన పద్ధతి. ఖర్చు లేదు, పిల్లలకు ఇష్టం. కానీ అట్ట వంగిపోతుంది, గోళీలు దొర్లిపోతాయి. గట్టి పలక కోసం కొమ్ము పనివాళ్ల దగ్గరికి వెళ్లాం. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ముతో కొంగలు, దువ్వెనలు, బొమ్మలు చేస్తారు. మా వీధి చివర ఉండే పనివాడు ఒడియా ఆయన. విషయం చెప్పగానే అరచేతిలో ఇమిడే చెక్కకు ఆరు బెజ్జాలు పెట్టి, కొమ్ముతో ఆరు మేకులు నున్నగా తిప్పి ఇచ్చాడు. కొమ్ము మేకు చేతికి చల్లగా, జారకుండా ఉంటుంది, ప్లాస్టిక్‌లా చెమటకు జిగురెక్కదు. ఒకటో చుక్క ఎటువైపో వెంటనే తెలియడానికి పలక ఎడమ పై మూల కోసేశాడు. ఆ ఆలోచన అతనిదే.

పని చేస్తూ, దీన్ని ఎవరు కనిపెట్టారని అడిగాడు. లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులో పుట్టాడనీ, తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడనీ, మూడేళ్లప్పుడు ఆ కార్ఖానాలోనే తోలుకు బెజ్జాలు పెట్టే ఆరె కంట్లో గుచ్చుకుందనీ, ఇన్ఫెక్షన్ రెండో కంటికి కూడా పాకిందనీ మాస్టారు చెప్పారు. అప్పటికి బార్బియే అనే సైనికాధికారి చీకట్లో చదువుకునేలా పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి చేసి ఉన్నాడు. పన్నెండు చుక్కలు ఒక్క వేలి కొన కిందికి రావు. పదిహేనేళ్ల వయసులో, 1824 నాటికి, లూయీ దాన్ని ఆరుకు కుదించాడు. పనివాడు చేతిలో ఉన్న తన ఆరెను కాసేపు తిప్పి చూసుకున్నాడు. మర్నాడు మా స్టైలస్‌లన్నిటికీ, అంటే కాగితం మీద చుక్కలు పొడిచే మొనలకు, కొమ్ము పిడులు వేసి తెచ్చాడు. డబ్బు తీసుకోమంటే, "పిల్లల చదువుకి కదా అపా" అన్నాడు.

కాగితం సంగతి. బ్రెయిలీకి మందపాటి కాగితం కావాలి. మామూలు నోటు పుస్తకం కాగితం చిరిగిపోతుంది, చిరగకపోయినా చుక్క నిలవదు. కొనాలంటే ధర ఎక్కువ, ఇక్కడ దొరకదు కూడా. పాత క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు బాగా పనికొస్తాయి. ఊళ్లో బంగారం కొట్లు, బట్టల కొట్లు ఇచ్చే పెద్ద క్యాలెండర్లు అన్నిటికన్నా మేలు. దేవుడి బొమ్మ మీద బెజ్జాలు పెట్టడమేమిటని మా అత్తగారు కొంచెం సణిగారు. సరస్వతీదేవి బొమ్మే ముందు పెట్టి, చదువుకే కదా అత్తయ్యా అన్నాను. ఆవిడే ఇప్పుడు వీధంతా తిరిగి క్యాలెండర్లు పోగుచేస్తున్నారు.

జూలై

అక్షరాలు. ఈ నెలంతా వీటితోనే గడిచింది, ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను.

స్లేటు అంటే కాగితాన్ని బిగించే గడుల చట్రం. దాని మీద బ్రెయిలీ రాయడం అంటే స్టైలస్‌తో కాగితానికి వెనకనుంచి పొడవడం. కాగితం తిప్పితే చుక్కలు పైకి లేచి ఉంటాయి. అందుకని రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ అద్దంలో బొమ్మలా తిప్పి రాయాలి. చదివేటప్పుడు ఎడమ నుంచి కుడికి. మొదట అందరికీ టెన్షనే. చదివే అక్షరం వేరు, రాసే అక్షరం వేరు అనిపిస్తుంది.

తెలుగులో దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. క అంటే 1, 3 చుక్కలు. దాన్ని తిప్పకుండా రాసేస్తే 4, 6 అవుతుంది, అది ఖ. బ అంటే 1, 2. తిరగబడితే 4, 5, అది భ. ల అంటే 1, 2, 3. తిరగబడితే 4, 5, 6, అది ళ. అంటే 'కల' అని రాయబోయిన పిల్లవాడి కాగితం తిప్పి చూస్తే 'ఖళ' ఉంటుంది. న తిరగబడితే డ, హ తిరగబడితే జ, ఇ తిరగబడితే ఏ. ఈ జంటలను మాస్టారు పాటలా చెప్పించారు. ఒక్క వారంలో పిల్లలకు పట్టుబడింది. తిరగబడని అక్షరాలు కూడా ఉన్నాయి. చ, గ ఎటు చూసినా ఒకటే. కాబట్టి కొత్తవాళ్లకు రాత మొదలుపెట్టించేది వాటితోనే. మొదటి రోజే సరిగ్గా రాశామన్న ధైర్యం వస్తుంది.

గుణింతాల దగ్గర నాకు ఎంతో సంతోషం కలిగింది. తలకట్లు, కొమ్ములు, గుడులు, అక్షరం కింద వేలాడే ఒత్తులు, ఇవేవీ బ్రెయిలీలో ఉండవు. అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. కా రాయాలంటే క, దాని పక్కన ఆ. కి అంటే క, పక్కన ఇ. ఒత్తు వస్తే ముందుగా పొల్లు గుర్తు, అది ఒక్క 4వ చుక్క, తర్వాత రెండు అక్షరాలు వరుసగా. 'అమ్మ' అంటే అ, పొల్లు, మ, మ. అచ్చు పుస్తకాలు చదవడం వచ్చిన నాకు ఇది మొదట తికమకగా ఉంది, ఎందుకంటే నా కళ్లు ఒత్తును కింద వెతుకుతాయి. పుట్టుకతో చూపు లేని పిల్లకు ఏ ఇబ్బందీ లేదు. నోటితో పలికే క్రమం ఎలా ఉందో చుక్కల క్రమం అలాగే ఉంది ఆమెకు.

అర్థం, అర్ధం కూడా ఆ పిల్లే విడదీసుకుంది. థ 1, 4, 5, 6. ధ 2, 3, 4, 6. రెండూ నాలుగేసి చుక్కలే, వేలికి పూర్తిగా వేరు. మా ముందు గట్టిగా చదివి, వెంటనే తన పేరు, వాళ్ల అమ్మ పేరు, ఊరి పేరు రాసింది. వాళ్ల అమ్మ ఆ కాగితం మడవకుండా ఇంటికి పట్టుకెళ్లింది.

ఆగస్టు, వానలు

తేమకు కాగితం మెత్తబడి చుక్కలు అణిగిపోతున్నాయి. పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, బరువుకు చుక్కలు చదునైపోతాయి, నిలబెట్టి పెట్టాలి. బియ్యం డబ్బా పక్కన పొడిగా ఉండే అల్మారాలో సర్దాం. చదివే ముందు చేతులు తుడుచుకుని కాస్త పౌడర్ రాసుకుంటే చెమట అడ్డురాదు.

వేలు నొక్కి చదవడం కొత్తవాళ్లందరికీ ఉండే అలవాటు. నొక్కితే తెలియదు, తేలిగ్గా జారిస్తేనే తెలుస్తుంది. చుక్క మీద వేలు పైకీ కిందికీ రుద్దడం కూడా మానాలి. మాస్టారు కుడి చూపుడు వేలితో వరుస చదువుతుంటే, వరుస అయిపోయే లోపే ఎడమ చేయి కింది వరుస మొదలు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. నేను కళ్లు మూసుకుని అదే అభ్యాసం చేస్తున్నాను. మూసుకోకపోతే చూపు దొంగతనంగా సాయం చేస్తుంది. ప్రస్తుతం ఒక వరుస చదివేలోపు టీ చల్లారిపోతోంది. అయినా చదువుతున్నాను.

ఈ నెల అసలు సంగతి ఒడియా. ఊళ్లోని రెండు ఒడియా కుటుంబాలు తమ పిల్లలను పంపుతామన్నాయి. మాస్టారికి ఒడియా మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. అయినా మొదటి రోజే వాళ్లకు చెప్పగలిగారు. కారణం భారతీ బ్రెయిలీ. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో చుక్కల పద్ధతి ఉండేది. 1951లో అన్ని భారతీయ భాషలకూ కలిపి ఒకే పద్ధతి తెచ్చారు. అక్షరం బొమ్మను కాకుండా ధ్వనిని పట్టుకుని చుక్కలు ఇచ్చారు. తెలుగు క అయినా, ఒడియా క అయినా, హిందీ క అయినా 1, 3 చుక్కలే. ఒడియాలో లేని పొట్టి ఎ, పొట్టి ఒ లకు తెలుగులో విడిగా గుర్తులు ఉన్నాయి, ఎ 2, 6 చుక్కలు, ఒ 1, 3, 4, 6. అలాంటివి కొన్ని తేడాలే.

సరిహద్దులో బతికేవాళ్లకు దీని విలువ ఎంతో. కళ్లున్న మా పిల్లలు రెండు లిపులు నేర్చుకోలేక ఒకటి వదిలేస్తారు. చాలా ఇళ్లలో వదిలేసేది తెలుగే. పలకడం వస్తుంది, చదవడం రాదు. మా ఆరో తరగతి పిల్ల మాత్రం వారం తిరిగేసరికి ఒడియా పాఠం, తెలుగు కథ రెండూ అవే వేళ్లతో చదివింది. చూపు లేని పిల్ల ముందు రెండు భాషల తలుపులూ తెరిచే ఉన్నాయి. ఈ మాట ప్రతి తల్లికీ, ప్రతి బడికీ చెప్పాలన్నదే ఈ బడి పెట్టడానికి నాకున్న పెద్ద కారణం.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేశాం. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు అది, ఆయన 1863లో పుట్టారు. ఆయన పనిచేసింది మా ఊళ్లోనే, రాజావారి బడిలో. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. అక్షరం అందనివాళ్ల దగ్గరికి అక్షరాన్ని మోసుకెళ్లిన మనిషి మా వీధుల్లో నడిచాడని పిల్లలకు చెబుతుంటే నా గొంతు పట్టుకుంది. ఆ రోజు వచ్చినవాళ్లలో గుమ్మ వైపు నుంచి ఒక సవర కుర్రాడు ఉన్నాడు. అతనికి ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు. ఒడియా బ్రెయిలీతో మొదలుపెట్టాడు.

సెప్టెంబరు, అక్టోబరు

పెద్దల బ్యాచ్ కష్టంగా ఉంది, దాచను. షుగర్ వల్ల చూపు పోయిన ఒక పెద్దాయన ఎంతో ఆశతో వచ్చారు. షుగర్ కళ్లనే కాదు, నరాలనూ దెబ్బతీస్తుంది. వేలి కొనల్లో స్పర్శ తగ్గిపోయింది. "నాకు కాగితం నున్నగానే ఉందమ్మా" అన్నారు. మాస్టారు ఆయన ఒక్కో వేలినీ పరీక్షించి, ఎడమ చేతి ఉంగరపు వేలికి కాస్త తెలుస్తోందని పట్టుకున్నారు. కొమ్ము మేకుల పలక మీద అక్షరాలు గుర్తుపడుతున్నారు. పుస్తకం చదివే స్థాయి రాకపోవచ్చు. కానీ అంకెలు నేర్చుకుంటానని పట్టుబట్టారు.

అంకెలకు ముందు 3, 4, 5, 6 చుక్కల గుర్తు వస్తుంది. తెలుగులో ణ కూడా అవే చుక్కలు, కాబట్టి సందర్భం చూసుకోవాలి. పెద్దాయన పట్టుదల ఓటు గురించి. ఓటింగ్ యంత్రం బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి. ఇన్నాళ్లూ కొడుకు చేయి పట్టుకుని ఓటు వేయించాడు. కొడుకు మీద అనుమానం కాదు, తన ఓటు తనే వేయాలని ఆయన కోరిక. ఒకటి నుంచి పదహారు దాకా చాలు ఆయనకు, యంత్రం మీద అంతవరకే ఉంటాయి. మందపాటి ప్లాస్టిక్ రేకు మీద గట్టిగా పొడిచి ఇస్తే, ఆ ఉంగరపు వేలితో ఎనిమిది వరకు తప్పు లేకుండా చదువుతున్నారు. రైలు బోగీల్లో కూడా చాలాచోట్ల బెర్తు నంబర్లు బ్రెయిలీలో ఉంటున్నాయి. గుణుపూరు లైనులో ఎక్కడున్నాయో మాస్టారు ఈసారి చూసుకుని వస్తానన్నారు.

నోట్ల గుర్తులు కూడా ఇదే బ్యాచ్‌లో చెప్పాం. వంద నోటు మీద ఉబ్బెత్తు త్రిభుజం, అంచుల్లో నాలుగేసి గీతలు. ఐదు వందల నోటు మీద గుండ్రం, అయిదేసి గీతలు. కొత్త నోటులో బాగా తెలుస్తాయి, చేతులు మారి నలిగిన నోటులో తెలియవు. అప్పుడు పొడవు చూసుకోవాలి.

తల్లుల బ్యాచ్ అన్నిటికన్నా చురుగ్గా సాగుతోంది. కళ్లున్నవాళ్లు బ్రెయిలీని వేలితో నేర్చుకోనక్కరలేదు, చూసి చదవొచ్చు. దీపం పక్కనుంచి పడేలా పెట్టుకుంటే చుక్కల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లలు రాసింది ఇంట్లో దిద్దే మనిషి ఉంటే నేర్చుకునే వేగమే మారిపోతుంది. ఒక తల్లి వంటింట్లో డబ్బాలన్నిటికీ చుక్కల చీటీలు అంటించింది. ఉప్పు, పంచదార, పసుపు. కూతురు ఇప్పుడు టీ పెడుతోంది. మందుల కొట్టు ఆయన కూడా అడిగితే సీసాల మీద మేమిచ్చిన చీటీలు అంటిస్తున్నాడు, పొద్దుటి మందుకు ఒకటి, రాత్రి మందుకు రెండు.

నవంబరు, డిసెంబరు

పుస్తకాలు కావాలి. చేత్తో రాసినవి చాలవు. అచ్చులో ఒక పేజీ బ్రెయిలీలో రెండున్నర, మూడు పేజీలవుతుంది, ఒక పాఠ్యపుస్తకం నాలుగైదు లావుపాటి సంపుటాలవుతుంది. తెప్పించడానికి భయపడాల్సిన పని లేదు. బ్రెయిలీ పుస్తకాల ప్యాకెట్టుకు తపాలా ఖర్చు లేదు, ఏడు కిలోల దాకా ఉచితం. కవరు మీద 'బ్లైండ్ లిటరేచర్' అని స్పష్టంగా రాసి, విప్పి చూడటానికి వీలుగా కట్టాలి. ఈ సంగతి తెలియక చాలామంది బస్సుల్లో మోసుకొస్తున్నారు. మా దగ్గర చదివేసిన పుస్తకాలను పాతపట్నానికి, గుణుపూరుకు ఇలాగే పంపుతున్నాం.

మాస్టారు తన పర్కిన్స్ బ్రెయిలర్ మా ఇంట్లోనే ఉంచారు. ఆరు చుక్కలకు ఆరు మీటలు, మధ్యలో ఖాళీకి ఒకటి. చుక్కలు నేరుగా పైకి లేస్తాయి కాబట్టి అక్షరం తిప్పి రాయక్కర్లేదు, రాసింది వెంటనే వేలితో చూసుకోవచ్చు. లోహపు యంత్రం, అయిదు కిలోల దాకా ఉంటుంది. దాని చప్పుడుకు వీధి పిల్లలంతా వచ్చి కిటికీ దగ్గర నిలబడుతున్నారు. లోపలికి పిలిచి వాళ్ల పేర్లు కొట్టి ఇస్తున్నాం. చూపున్న పిల్లలకు బ్రెయిలీ అంటే బెదురు పోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఆరో తరగతి పిల్ల పరీక్షల గురించి బడితో మాట్లాడాం. ఇన్నాళ్లూ ఆమె చెబుతుంటే ఇంకొకరు రాశారు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, చూపు లేని విద్యార్థి బ్రెయిలీలో గానీ, కంప్యూటర్‌లో గానీ, సహాయకుడితో గానీ, ఏ పద్ధతిలో రాయాలో తానే ఎంచుకోవచ్చని ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి, దరఖాస్తుతో జతచేసి ఇచ్చాం. దిద్దే మనిషి ఎవరన్న దగ్గర ఆగింది. మాస్టారు తాను బ్రెయిలీలో ఉన్నది చదివి చెబుతాననీ, బడి టీచరు పక్కన కూర్చుని మార్కులు వేయవచ్చనీ రాసిచ్చారు. సమాధానం ఇంకా రాలేదు, అడుగుతూనే ఉంటాం.

జనవరి

జనవరి 4, లూయీ బ్రెయిలీ పుట్టినరోజు. 2019 నుంచి ఐక్యరాజ్యసమితి దీన్ని ప్రపంచ బ్రెయిలీ దినంగా జరుపుతోంది. మా అరుగు మీద పిల్లలు వంతులవారీగా చదివారు, ఒకరు తెలుగు, ఒకరు ఒడియా. సవర కుర్రాడు తన భాషలో పాట ఒకటి ఒడియా చుక్కలతో రాసుకొచ్చి చదివాడు. కొమ్ము పనివాడు కుటుంబంతో వచ్చాడు. పెద్దాయన పదహారు దాకా అంకెలు చదివి కూర్చున్నారు.

ఇక చేయాల్సినవి. గుణుపూరులో తల్లుల బ్యాచ్ మొదలుపెట్టమని అడుగుతున్నారు, మాస్టారు నెలకోసారి వెళ్తానన్నారు. ఆయనతో పాటు ఆరో తరగతి పిల్ల కూడా వెళ్తుంది, అక్కడి చిన్నపిల్లలకు క, ఖ జంటలు ఆమే చెబుతుంది. కొమ్ము మేకుల పలకలు ఇంకొన్ని కావాలి, పనివాడికి ఈసారి డబ్బు ఇచ్చే చేయించుకోవాలని అందరం అనుకున్నాం. రెండు భాషల కథలు ఎదురెదురు పేజీల్లో పెట్టి ఒక పుస్తకం కొట్టడం మొదలైంది. ఇప్పటికి ఒక తెలుగు కథ, ఒక ఒడియా కథ అయ్యాయి.